నవ్వు నాలుగు విధాల చేటా?

"నవ్వు నాలుగు విధాల చేటు" అన్నారు పెద్దలు. ఆ నాలుగూ ఏవో చెప్పినవారు మాత్రం అరుదు. సైన్సు విద్యార్థిని గనుక రుజువు లేని సూత్రాన్ని ఒప్పుకోవడం నాకు కష్టం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల విద్యార్థుల్లో చాలామందిమి రైతు బిడ్డలమే. మన దిగుళ్లు గ్రంథాల్లో దొరికేవి కావు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లెప్పుడు వదులుతారు? కల్లంలో వడ్ల తేమ 17 శాతానికి దిగకముందే మొగులు కమ్మితే ఎట్ల? మిల్లు ముందర ట్రాక్టర్ల వరుసలో మన వంతు ఎప్పుడు? ఇంటికాడ నాయినకు ఆ రంది. ఇక్కడ మనకు ప్రాక్టికల్సు, బ్యాక్‌లాగులు, మెస్సు బిల్లు. రెండూ కలిసి అర్ధరాత్రి నిద్ర పట్టనియ్యవు.

దిగులు పడినప్పుడు శరీరంలో ఏం జరుగుతుంది? ఎదురుగా ఉన్నది పులో, ప్రశ్నపత్రమో అడ్రినల్ గ్రంథులకు తెలియదు. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. కడుపుబ్బ నవ్వినప్పుడు ఊపిరి బలంగా బయటికి వస్తుంది, నవ్వు ఆగినాక బిగిసిన కండరాలు సడలుతాయి. నలుగురితో కలిసి మనసారా నవ్వినవారిలో నొప్పిని ఓర్చుకునే శక్తి పెరుగుతుందని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ప్రకటించింది. 1995లో ముంబయి పార్కులో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బు ఇప్పుడు దేశదేశాలకు పాకింది.

ఈ సంగతి మన పల్లెలకు ఏనాడో తెలుసు. నాట్లేసే ఆడవాళ్లు నడుము విరిగే పనిలోనూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకితో వచ్చే పిట్టలదొర లేని ఆస్తులన్నీ తనవేనని కోతలు కోసి, చివరికి మన వాకిట్లోనే గింజలకు చెయ్యి చాస్తాడు. ఆ కోతలు వింటూ అప్పులున్న రైతు కూడా కాసేపు తేలికపడేవాడు.

మరి ఆ సామెతలో నిజమే లేదా? ఉంది. తోటివాడి రంగు మీద, కులం మీద, యాస మీద నవ్వే నవ్వు ముమ్మాటికీ చేటే. జూనియర్‌ను నిలబెట్టి నవ్వడం వినోదం కాదు, ర్యాగింగు. 1997లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని చట్టం చేసి నిషేధించింది. అలాంటి నవ్వు ఒకడి దిగులు తీసి ఇంకొకడి నెత్తిన పెడుతుంది, అంతే. ఆడపిల్ల గట్టిగా నవ్వితే తప్పుపట్టే సామెతలను కూడా మనం ఇక వదిలిపెట్టాలి. పరీక్షల భయం ఆమెకు మాత్రం తక్కువా?

ఇంకొక మాట. నవ్వితే మొగులు విచ్చిపోదు, అప్పు తీరదు. నవ్వి, ఊపిరి పీల్చుకొని, లేచి వడ్ల మీద పట్టా కప్పాలె. ఆ లేచే ఓపిక నిస్తుందనే నవ్వును నేను సమర్థిస్తున్నాను. కాని తిండీ నిద్రా మాని రోజుల తరబడి మూగగా కూర్చున్న మిత్రుడికి జోకు మందు కాదు. అతని పక్కన కూర్చోవాలి, డాక్టరు దగ్గరికి తోడు పోవాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరు అందుకోసమే ఉంది.

విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వార్షికోత్సవం నాడు ఒక గంట హాస్యవల్లరి పెట్టి ఏడాదంతా ఊరుకుంటే చాలదు. వారానికొక సాయంత్రం, ఫోన్లు పక్కనబెట్టి, ఎవరి ఊరి ముచ్చట వారి యాసలో చెప్పుకుందాం. అధ్యాపకులు కూడా వచ్చి తమ చదువుకునే రోజుల ముచ్చట్లు చెబితే వైవా భయం సగం అక్కడే పోతుంది. మిగతా సగానికి, మిత్రులారా, చదవక తప్పదు!