ఆకాశమందొక ముంపుగ్రామము

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములను తడుపుచున్న నాగార్జునసాగరపు ఎడమకాలువ నీటికి మన మొక గొప్ప మూల్యము చెల్లించితిమి. ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి, తన స్తూపవిహారములతో గూడ, ఆ జలాశయగర్భమున మునిగిపోయినది. అయినను విస్మృతిలో మునుగలేదు. ఏలయన, 1954 మొదలు 1960 వఱకు కేంద్ర పురావస్తుశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున ఆ లోయను త్రవ్వి, కొలిచి, పటములు వ్రాసి, ముఖ్యమైన కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించి మరల నిలిపిరి. నీరు రాకముందే మేల్కొనుటచేతనే ఇది సాధ్యమైనది.

అట్టి ముంపు నేడు మఱియొక మానవనివాసమునకు ఆసన్నమగుచున్నది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమున 2000 నవంబరు 2వ తేదీనుండి ఒక్క దినమైనను ఎడము లేక మనుష్యులు నివసించుచున్నారు. 2025 జూన్ నెలలో మన శుభాంశు శుక్లాగారును అందు అడుగిడిరి. 2030 తరువాత దీనిని కక్ష్యనుండి దింపి మహాసముద్రమున జనసంచారము లేనిచోట కూల్చుటకు నాసావారు సంకల్పించి, అందులకు వలయు వాహనమును నిర్మించు పనిని 2024లో స్పేస్‌ఎక్స్ సంస్థకు ఒప్పగించిరి. విజయపురి శిలలను కొండ కెక్కింపగలిగితిమి. నాలుగువందల టన్నుల బరువునకు మించిన ఈ లోహగృహమును క్షేమముగా నేలకు దింపుట సులభసాధ్యము కాదు. అందు పెక్కుభాగము గాలి రాపిడికే కాలిపోవును.

కావున ముందుగా దక్కించుకొనవలసినది దానినిగూర్చిన జ్ఞానము. జస్టిన్ వాల్ష్, ఆలిస్ గోర్మన్ అను పురావస్తు పండితులు ఇందులకై 2015లో ఉద్యమించిరి. వారి కోరికపై 2022 జనవరి మొదలు 60 దినములు కేంద్రవాసులు ఆఱు చోట్ల గుర్తులు పెట్టి, ప్రతిదినమును ఛాయాచిత్రములు తీసిరి. అప్పు డచ్చట నున్నవారిలో రాజాచారిగా రొకరు. వీరి తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వెళ్లినవారు. మరమ్మతులకై ఏర్పఱచిన తావు నిజమునకు సామానులు దాచు చోటయ్యెనని ఆ చిత్రములు తెలిపినవి. కట్టినవాని పటము చెప్పని సంగతిని కాపురమున్నవాని వస్తువులు చెప్పును.

“నిన్నమొన్నటి యంత్రములకు పురావస్తుశాస్త్ర మేల?” అని కొందఱు నవ్వవచ్చును. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో దొరకిన కుండెడు సీసపు నాణెములును ఒకనాడు చేతులు మారిన సామాన్యవస్తువులే కదా! ప్రాచీనత ఆకాశమునుండి ఊడిపడదు. నేటి వస్తువును నిలుపుకొన్నవారికే రేపటి చరిత్ర దక్కును.

మన చట్టమో, 1958 నాటిది; నూఱేండ్లు నిండిన కట్టడమునే ప్రాచీనమని గుర్తించును. 1980 జులై 18న శ్రీహరికోటనుండి మన ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆనాటి కట్టడములు ఈ లెక్కన 2080 వఱకు నిరీక్షింపవలయునా? ఆ ప్రయోగకేంద్రముకొఱకు తమ నెలవులు వీడిన యానాదుల జ్ఞాపకములు అంతవఱకు నిలుచునా? చంద్రునిపై 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్ అచ్చటనే యున్నది. 1967 నాటి ఒడంబడిక చంద్రుని ఏ దేశమునకును సొంతము కానీయదు. పంపిన వస్తువుపై మాత్రము పంపిన దేశమునకు హక్కు నిలిపినది. తన వస్తువులను కాపాడుటకు అమెరికా 2020లో చట్టము చేసినది. మన మేల ఊరకుండవలయును?

మా అభిప్రాయము స్పష్టము. అంతరిక్షప్రయత్నముల చిహ్నములకు నూఱేండ్ల నియమమును సడలించి కేంద్రప్రభుత్వము ప్రత్యేకరక్షణ కల్పింపవలయును. పాత పనిముట్లు, పటములు, లెక్కపుస్తకములు చెత్తపాలు కాకుండ లెక్కవ్రాయింపవలయును. శాస్త్రజ్ఞులతోపాటు కార్మికుల మాటలను, చోటు వీడిన యానాదుల మాటలను గూడ వారు బ్రదికియుండగనే సేకరింపవలయును. ఈ మూడు పట్టణముల గ్రంథాలయములును తీర్మానములు చేసి పంపుట యుక్తము. మునిగిన నగరపు నీటితో పంట పండించుకొనుచున్న మనకంటె ఈ మాట నడుగ నర్హు లెవరు?