మారిన ప్రయాణం

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందని పెద్దలంటారు. ఈ మాటలోని సత్యాన్ని ఒక శ్రావణమాసంలో నేను అనుభవపూర్వకంగా తెలుసుకొన్నాను.

నా బాల్యమిత్రుడు రెండు రోజులు గడపడానికి హనుమకొండకు వచ్చాడు. శనివారం పాకాల చెరువుకు, ఆదివారం పాలంపేటలోని రామప్ప దేవాలయానికి వెళ్లాలని నిశ్చయించాను. శనివారం తెల్లవారకముందే వాన మొదలైంది. పాకాలను మరునాటికి మార్చాను. మధ్యాహ్నం తెరపి ఇవ్వగానే రామప్పకు బయలుదేరాం. దారిలో వాగు పొంగడంతో వెనుదిరిగాం. ఆదివారమూ అదే వాన. 1213లో నిర్మితమై, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ గుడిని, నీటిపై తేలే ఇటుకలతో కట్టిన దాని శిఖరాన్ని చూపలేకపోయానని పదేపదే వాపోయాను.

చివరికి ఊరిలోనే ఉన్న వేయిస్తంభాల గుడికి గొడుగులతో వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ ఆలయంలో వాన వెలిసేదాకా కూర్చున్నాం. అప్పుడతడు మెల్లగా, "నేను గుళ్లు చూడటానికి రాలేదురా. మా ఇంటావిడ పోయాక ఇల్లు మూగబోయింది. నీతో నాలుగు మాటలు చెప్పుకొందామని వచ్చాను" అన్నాడు. రెండు రోజులుగా నేను దారులను గురించే మాట్లాడాను గాని, అతని ముఖం చూడలేదు.

ముందుచూపు వద్దని నా అభిప్రాయం కాదు. కాలాన్ని సద్వినియోగం చేసుకోవడానికి అది అవసరమే. అయితే తప్పిపోయిన ప్రయాణాన్నే తలచుకొంటూ ఉంటే, ఎదుట ఉన్న మనిషి మనకు కనిపించడు. చూడవలసిన చోట్లు మరో సెలవు దాకా ఆగుతాయి. చెప్పుకోవలసిన దుఃఖం ఆగదు.