కొండ వేడిని చూసే డ్రోన్ మన కొండ మీదికి వస్తే

ఊరి మీద డ్రోన్ ఎగిరితే మనకి ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరి భూమి కొలుస్తున్నారు? ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. దాన్ని వదులుకోమని నేను చెప్పను. కానీ ఇంకో రకం డ్రోన్ ఉంది. దాని గురించి మీరు తెలుసుకోవాలి. ఎందుకంటే అది రావాలని అడగాల్సింది మనమే, వచ్చినప్పుడు నిలదీయాల్సిందీ మనమే.

సముద్రం ఒడ్డున గోడలా నిలబడిన కొండలు చూసే ఉంటారు. అవి ఎప్పుడు, ఎక్కడ విరిగిపడతాయో కింద నిలబడి చూస్తే తెలీదు. తాడు కట్టుకుని దిగి చూద్దామంటే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే డ్రోన్‌కి థర్మల్ కెమెరా బిగించి కొండ ముఖం ముందు ఎగరేస్తున్నారు. ఈ కెమెరాకి వెలుతురుతో పని లేదు. రాయి నుంచి వచ్చే వేడిని పట్టుకుని రంగుల బొమ్మగా చూపిస్తుంది.

వేడికీ విరిగిపడడానికీ సంబంధం ఏంటంటారా? మీ ఇంటి రేకునీ మట్టిగోడనీ తలుచుకోండి. రేకు ఎండ తగలగానే కాగుతుంది, పొద్దు గూకగానే చల్లారిపోతుంది. మందపాటి గోడ నిదానంగా వేడెక్కి, రాత్రి దాకా ఆ వేడిని పట్టుకుని ఉంటుంది. కొండ నుంచి విడిపోయిన రాతిపలక ఆ రేకు లాంటిదే. వెనక గాలి దూరింది కాబట్టి లోపలి రాయితో దానికి అంటు తెగిపోయింది. చుట్టూ ఉన్న రాయి ఇంకా వెచ్చగా ఉండగానే అది చల్లారుతుంది. పొద్దు గూకాక తీసిన బొమ్మలో ఆ తేడా బయటపడుతుంది. రెండోది నీరు. రాతి సందుల్లోంచి ఊట కారే చోటు ఎండవేళ చుట్టుపక్కల కన్నా చల్లగా కనిపిస్తుంది. మన కంటికి పొడిగా కనిపించే గట్టులో నీరు ఏ దారిన వస్తోందో అలా దొరుకుతుంది.

కేరళలోని వర్కల కొండగట్టునే తీసుకోండి. పైన లేటరైట్. మన ఏజెన్సీలో తవ్వకాల గొడవల్లో విన్నామే, అదే రాయి. కింద ఇసుకరాయి, బంకమట్టి పొరలు. వాన నీరు లేటరైట్‌లోంచి దిగుతుంది, బంకమట్టి దగ్గర ఆగుతుంది, దిగలేక పక్కకి ఊటగా బయటికొస్తుంది. వస్తూ వస్తూ ఇసుకని మోసుకొస్తుంది. కింద ఆసరా పోతే పైది కూలక ఏం చేస్తుంది? తప్పంతా అలలదే అనుకుంటాం గానీ లోపలి నీటి పని తక్కువేం కాదు. పైగా ఆ గట్టు అంచునే హోటళ్లు, దుకాణాలు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో వర్కలతో పాటు విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు కూడా చేరాయి. మట్టికి, రాయికి ఆ మాత్రం గుర్తింపు దొరుకుతోంది, సంతోషమే.

మరి మనుషులుండే కొండల సంగతి? 2024 సెప్టెంబరు వానలకి గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి. అరకు రైలు దారి మీద బండలు పడడం వానాకాలంలో మామూలు వార్త అయిపోయింది. సముద్రపు గట్టుకి పనికొచ్చే కెమెరా మన కొండకి ఎందుకు రాకూడదు అని అడగండి. అడిగే హక్కు మనకుంది.

అయితే ఒక మాట. ఈ కెమెరా చూసేది పైతోలునే. చెట్లు కమ్మిన కొండ మీద దానికి కనిపించేది ఆకుల వేడి, నేల కాదు. మంచులో, జోరువానలో దాని చూపు మసకబారుతుంది. నగ్నంగా ఉన్న సముద్రపు గట్టు మీద చేసినంత పని మన అడవి కొండ మీద చేయలేదు. రోడ్డు కోసం తొలిచిన చోట, క్వారీ తవ్విన చోట, బండలు బయటపడ్డ చోట బాగా పనికొస్తుంది. మిగతా చోట? ఏ గెడ్డ నీరు ఉన్నట్టుండి బురదగా మారింది, ఎండాకాలం ఎండిపోయే ఊట ఈ ఏడు ఎందుకు ఆగట్లేదు, ఏ వాలు మీద చెట్లు ఒరుగుతున్నాయి, పోడు పక్కన నేల ఎక్కడ నెర్రెలిచ్చింది... ఇవి చెప్పగలిగేది పశువులు తోలుకుపోయే అన్న, దుంపలు తవ్వే అమ్మ. వాళ్లని అడక్కుండా గీసిన ప్రమాద పటం సగం పటమే.

నా అసలు భయం బొమ్మ తీయడం గురించి కాదు, తీశాక ఏం చేస్తారన్న దాని గురించి. ఎర్రరంగు పడిన చోట ‘ప్రమాద ప్రాంతం’ అని రాయడం తేలిక. ఆ మాట పట్టుకుని ఊరిని దింపేసి, అదే కొండకి రోడ్డు కోతా క్వారీ లీజూ కొనసాగితే? అమెరికాలో యోసెమిటీ లోయలో రాళ్లు విరిగిపడే తీరుని థర్మల్ కెమెరాలతో ఎంతో శ్రద్ధగా చదివారు. ఆ లోయ ఆదివాసుల్ని 1851లో సైనిక దళంతో తరిమారు, తర్వాత అక్కడ మిగిలిన చివరి గూడేన్ని 1969లో నేలమట్టం చేశారు. ఈ రెండూ వేర్వేరు కథలే, కెమెరా ఎవర్నీ తరమలేదు. కానీ రాయి మీద పెట్టిన శ్రద్ధ మనిషి మీద పెట్టకపోవడం మనకి కొత్త కాదు.

2021 డ్రోన్ నిబంధనల్లో గ్రామసభ అనుమతి ఊసు లేదు. 1996 పెసా చట్టం మాత్రం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రాజెక్టుల కోసం భూసేకరణకీ పునరావాసానికీ ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలంటుంది. ఆ ‘నో’ సందులోంచే తప్పించుకుంటారు, జాగ్రత్త. కాబట్టి డ్రోన్ ఎగరకముందే గ్రామసభ పెట్టించండి. ఏం తీస్తున్నారు, ఎవరి దగ్గర ఉంటుంది, ఖనిజాల కోసం వాడమని రాసిస్తారా అని అడిగి తీర్మానంలో రాయించండి. బొమ్మల కాపీ ఊరికి ఇవ్వాలి. వాలు బలహీనపడడానికి రోడ్డు కోత కారణమైతే రిపోర్టులో ఆ మాట ఉండాలి, పోడు మీదికి నెట్టేస్తే ఒప్పుకోవద్దు. డిగ్రీ, డిప్లొమా చదివిన మన పిల్లలు రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కి ప్రయత్నించండి. ఆ రిమోట్ మనోళ్ల చేతిలో ఉంటే సభలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఇదంతా వానలకి ముందే జరగాలి. మే నెలాఖరుకి బొమ్మలు తీసి, కువిలోనో ఒడియాలోనో, ఊళ్లో ఏ మాట నడిస్తే ఆ మాటలో సభ ముందు వివరించాలి. ఆగస్టులో కొండ జారాక వచ్చే డ్రోన్ శవాల్ని వెతకడానికే వస్తుంది.