నివేదిక ఎవరికి చేరుతున్నది?

పిల్లలపై లైంగిక అకృత్యాలను చిత్రించిన దృశ్యాలను ఏకాంతంలో చూడడం, ఫోనులో దాచుకోవడం నేరం కాదని మద్రాసు హైకోర్టు 2024 జనవరిలో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు అదే సంవత్సరం సెప్టెంబరు 23న కొట్టివేసింది. ఆనాటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తి జె.బి. పార్దీవాలాల ధర్మాసనం వెలువరించిన ఆ తీర్పులో, దాచుకునేవారికి సంబంధించిన భాగానికి పత్రికలు విశేష ప్రాచుర్యం కల్పించాయి. ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనే మాట నేరం తీవ్రతను తగ్గించి చూపుతుంది కనుక న్యాయస్థానాలు దానిని వాడరాదన్న సూచనకు కూడా కొంత ప్రచారం లభించింది. కాని ఆ దృశ్యాలు ఏ కంపెనీల వేదికల మీదుగా ప్రవహిస్తున్నాయో, ఆ కంపెనీల బాధ్యతను గురించి చెప్పిన భాగం మాత్రం తగినంత చర్చకు రాలేదు. మా దృష్టిలో అదే ముఖ్యమైనది.

అమెరికా చట్టం ప్రకారం అక్కడి ఇంటర్నెట్ కంపెనీలు తమ దృష్టికి వచ్చిన ఇటువంటి దృశ్యాలను ‘నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్’ అనే సంస్థకు నివేదించాలి. ప్రతివారి సందేశాలనూ వెదకి చూడాలని ఆ చట్టం ఆదేశించదు. తెలిసిన తరువాత మౌనం వహించరాదని మాత్రమే ఆదేశిస్తుంది. మనం నిత్యం వాడే ఫేస్‌బుక్, వాట్సాప్, గూగుల్ అన్నీ అమెరికా కంపెనీలే కనుక, మన ఊరి వీధిలో ఎవరో అప్‌లోడ్ చేసిన దృశ్యం గురించిన కబురు సైతం మొదట సముద్రాలు దాటి అక్కడికే వెళుతుంది. 2019లో కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి అది తిరిగి ఢిల్లీలోని నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరోకు, అక్కడినుండి రాష్ట్రాల పోలీసులకు వస్తుంది. 2023లో ఆ అమెరికా సంస్థకు అందిన 3 కోట్ల 62 లక్షల నివేదికలలో సుమారు 89 లక్షలు భారతదేశంతో ముడిపడినవే. ఒకే దృశ్యాన్ని వేయిమంది పంచుకుంటే అన్ని నివేదికలూ లెక్కకు వస్తాయి గనుక ఇది బాధిత పిల్లల సంఖ్య కాదు. అయినా ప్రతి దృశ్యం వెనుకా కనీసం ఒక బిడ్డ ఉన్నదన్న సత్యం మారదు.

ఆ అమెరికా సంస్థకు చీటీ పంపి చేతులు దులుపుకోవడం చాలదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన పోక్సో చట్టంలోని 19, 20 సెక్షన్లు, 2020 నాటి నియమావళిలోని 11వ నియమం ప్రకారం కంపెనీలు ఇక్కడి పోలీసులకు కూడా తెలియజేయాలి. ఆ దృశ్యం ఎక్కడినుండి వచ్చినదో తెలిపే ఆధారాలను సైతం అప్పగించాలి. అలా చేయని కంపెనీకి ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ, అనగా ఇతరులు పెట్టిన దానికి మా పూచీ లేదని చెప్పుకొనే వెసులుబాటు, వర్తించదు. ఈ పోరాటంలో మన హైదరాబాదుకూ పాత్ర ఉన్నదని గుర్తుచేయడం సముచితం. వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార దృశ్యాలను గురించి 2015 ఫిబ్రవరిలో ఇక్కడి ప్రజ్వల సంస్థ రాసిన లేఖనే సుప్రీంకోర్టు తనంతట తాను కేసుగా స్వీకరించింది. 2018లో జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టల్ వెలసినది ఆ కేసు నేపథ్యంలోనే.

ప్రభుత్వ కార్యాలయాలలో ఏళ్ల తరబడి తపాలా రిజిస్టర్లు చూసిన మా అనుభవం ఒక సంగతి చెబుతుంది: కాగితం అందినట్లు ముద్ర పడడం వేరు, దానిపై చర్య జరగడం వేరు. లక్షలాది నివేదికలు వచ్చిపడినప్పుడు, ఇప్పుడే వేధింపునకు గురవుతున్న బిడ్డ జాడ తెలిపే ఒక్క కాగితం గుట్ట అడుగున ఉండిపోయే ప్రమాదం ఎంతో ఉన్నది. అందుకే ఎన్ని నివేదికలు అందినవి, ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లు నమోదైనవి, ఎందరు పిల్లలను గుర్తించి కాపాడినారు అన్న మూడు అంకెలను ప్రతి జిల్లాకూ ఏటా ప్రకటించాలని మేము కోరుతున్నాము. పిల్లల పేర్లు అక్కరలేదు, అంకెలు చాలు.

ఇక నిఘా భయం. మన పాఠకులలో అనేకులు దీనినే మొదట ప్రస్తావిస్తారు. అది నిరాధారమని మేము అనము. 2021 అక్టోబరులో గంజాయి వేట పేరిట హైదరాబాదు వీధులలో పోలీసులు బాటసారుల ఫోన్లు తీసుకొని వాట్సాప్ సందేశాలు వెదికిన దృశ్యాలు దేశమంతా చూసింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన ఐటీ నియమాలలోని 4(2) నియమం, ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినవారెవరో కంపెనీలు చెప్పాలంటుంది. ఏ నేరాలకు? పిల్లలపై అకృత్యాల దృశ్యాలకు, దేశ భద్రతకు, ‘శాంతిభద్రతల’కు, అన్నిటికీ ఒకే వాక్యంలో! బిడ్డల పేరు చెబితే ఎవరూ కాదనలేరు. ఆ పేరు చాటున శాంతిభద్రతలనే మాటను కూడా లోనికి తెచ్చినారు. ఆ మాట ఎవరిమీద ఎట్లా ప్రయోగింపబడుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వాట్సాప్ ఈ నియమాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన తరువాత ఈ రెంటినీ విడదీయక తప్పదు.

యంత్రం పొరబడదని కూడా అనుకోరాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి 2021లో తన పసిబిడ్డ జబ్బును వైద్యునికి చూపడానికి ఫోటో తీయగా, గూగుల్ యంత్రం దానిని నేరంగా గుర్తించింది. పోలీసులు విచారించి నిర్దోషి అన్నారు. అయినా గూగుల్ అతని ఖాతాను తిరిగి ఇవ్వలేదు. తెలిసినది చెప్పాలన్న నిబంధనను మేము బలపరుస్తాము. అందరి సందేశాలనూ వెదకాలన్న నిబంధనను వ్యతిరేకిస్తాము. పొరపాటున చిక్కినవారికి అప్పీలు మార్గం ఉండాలంటాము.

అయితే గోప్యత గురించి మాట్లాడే మనం మన ఇళ్లలోని మౌనాన్ని ఆ మాటతో కప్పిపుచ్చరాదు. 19వ సెక్షన్ కంపెనీలకే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. బిడ్డపై నేరం జరిగిందని తెలిసి కూడా ఇజ్జత్ పోతుందని దాచిన బంధువుకు, బస్తీ పెద్దల సమక్షంలో రాజీ కుదిర్చి ముగించిన పెద్దమనిషికి ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చును. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు పడవచ్చును. అది బడి అయినా, హాస్టల్ అయినా, మదర్సా అయినా ఒకటే.

పోలీసు స్టేషన్ అంటే మన కుటుంబాలకు సహజంగానే జంకు. చట్టం ఆ జంకును ఊహించినది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్ద గాని, బిడ్డ కోరిన చోట గాని తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రివేళ బిడ్డను స్టేషన్‌లో ఉంచరాదు. ఇరవైనాలుగు గంటలలో బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఎటువంటి కేసూ నిలువదు. దృశ్యం ఫోనుకు వచ్చినట్లయితే సాక్ష్యం పేరిట దానిని ఇతరులకు పంపరాదు; అదే నేరమవుతుంది. పోలీసులకు గాని, పైన చెప్పిన పోర్టల్‌లో గాని తెలియజేయాలి. పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చును. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కి ఫోను చేయాలి. మసీదు కమిటీలు ఈ నాలుగు అంకెలను నమాజు వేళల పట్టిక పక్కనే రాయించాలని మా మనవి.