వాద్యమును చేయుచు నేర్చుకొనుట

మన విద్యార్థులలో గిటారు నేర్చుకొనవలెనను కోరిక నానాటికి పెరుగుచున్నది. ఆరాధనలయందును, వివాహములయందును, చలనచిత్రములయందును ఆ వాద్యధ్వని విననివారు లేరు. కోరిక పుట్టినంతనే తలిదండ్రులు ఒంగోలునకో గుంటూరునకో పోయి వాద్యమును కొని తెత్తురు. పెక్కిండ్లలో కొన్ని నెలలకే అది గోడకు వ్రేలాడుచుండును. ఇందుకు బాలుర సోమరితనమే కారణమని మేము తలంపము. తన చేతిలోని పెట్టె ఏల మ్రోగునో, ఏల అపశ్రుతి పలుకునో ఎరుగనివానికి దానిపై మక్కువ నిలువదు. కావున వాయించుట నేర్చువారు వాద్యమును స్వహస్తములతో చేయుటయు నేర్వవలెనని మా అభిప్రాయము.

చేతికిని చెవికిని గల ఈ పొత్తు మన తెలుగువారికి క్రొత్త గాదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో సర్వసిద్ధివారు తరతరములుగా వీణలు చేయుచున్నారు. కుండను, దండిని ఒకే పనస దుంగనుండి అతుకు లేకుండ తొలుచుదురు. ఉలిపని ముగిసినను వీణ ముగియదు. నల్లని పొడి కలిపిన మైనముపై 24 మెట్లను నిలుపవలెను. తీగె మీటి, విని, మెట్టును ఇంచుక జరిపి, మరల విని స్థిరపరుపవలెను. దీనినే మేళము కట్టుట యందురు. స్వరజ్ఞానము లేని చేయి ఎంత నేర్పు గలదైనను ఇచ్చట ఆగిపోవును.

గిటారు మెట్లు గణితముచే ఏర్పడును. ఒక స్థాయిని 12 సమానమైన అంతరములుగ పంచుదురు గనుక, మిగిలిన తీగె పొడవును ప్రతిసారియు 17.817 చే భాగించినచో తరువాతి మెట్టునకు దూరము వచ్చును. తీగె పొడవు 650 మిల్లీమీటర్లైనచో మొదటి మెట్టు సుమారు 36.5 మిల్లీమీటర్ల కడను, 12వ మెట్టు సరిగా సగమున, అనగా 325 కడను ఉండును. ఆ సగము కడ రెండు మిల్లీమీటర్లు తప్పినను చెవి పట్టుకొనును. లెక్కలోని తప్పును ఎఱ్ఱసిరాతో దిద్దుటకు ఉపాధ్యాయుడు అక్కరలేదు, తీగెయే చెప్పును.

కొయ్యపనియు ఇట్టి పాఠమే. స్పెయిన్ దేశీయుడగు ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892) 1862లో ఒక గిటారునకు ప్రక్కలను, వీపును కాగితపు గుజ్జుతో చేసి, పైపలకకు మాత్రము మంచి కొయ్యను వాడెను. ధ్వనికి ప్రాణము పైపలకయే యని చూపుట ఆయన ఉద్దేశము. ఉక్కుతీగెల గిటారులో ఆరు తీగెలును కలిసి సుమారు 70 కిలోల బలముతో లాగుచుండును. సుమారు మూడు మిల్లీమీటర్ల మందము గల పలక ఆ లాగుడుకు ఓర్చుకొనవలెను. తీగెతోపాటు కంపింపను వలెను. మందమైనచో మూగవోవును, మరీ పలుచనైనచో వంగిపోవును. లోపల అతికిన సన్నని బద్దలు ఈ రెంటికిని పొత్తు కుదుర్చును. చిత్రిక పట్టుచు పలకను తట్టి విన్న బాలునికి ఇది పుస్తకము లేకయే బోధపడును. మన కనిగిరి ఎండలకు పచ్చికొయ్య పగులునను సంగతియు వానికి తెలిసివచ్చును.

బాలుడు చేసిన గిటారు అంగడి గిటారునకు సాటి రాదని కొందరందురు. మొదటిది రాకపోవచ్చును. అయినను దానిని చేసినవాడు తరువాత ఏ గిటారు కొనినను పరీక్షించి కొనగలడు, చెడినచో బాగుచేసికొనగలడు. చదువునకు భంగమని తలిదండ్రులు భయపడుదురు. అందుచేత పదవ తరగతివారిని విడిచి, ఎనిమిది, తొమ్మిది తరగతులవారికి వారమునకు రెండు గంటలు చాలునందుము. అయిదుగురికి ఒక వాద్యము. తొలుత పలకపై ఒకే తీగె బిగించి, దాని క్రింద గుర్రమును జరుపుచు, సగమున పై షడ్జమము, మూడింట రెండు వంతుల పొడవున పంచమము, నాలుగింట మూడు వంతుల పొడవున మధ్యమము పలుకుట వినవలెను. ఆ ఒంటితీగెపైననే పాట మొదలిడవచ్చును. పిమ్మట గిటారు పని.

నేర్పువా రెవరని అడుగుదురేమో. రంపము, బాడిస, ఉలి చేతబట్టి బ్రదుకు వడ్రంగులు మన ఊరనే కలరు. వారి బిడ్డలు మన తరగతులలోనే కూర్చున్నారు. తండ్రి వృత్తి ఏమని అడిగినపుడు తల వంచుకొను బాలురను మన మెరుగుదుము. ఆ తండ్రినే పాఠశాలకు సగౌరవముగా పిలిచి, సంగీతోపాధ్యాయుని ప్రక్కన నిలిపి, గురువుగా నమస్కరించిన నాడు ఆ బాలుడు తల ఎత్తును. తక్కిన బాలురు ఉలిపనిని చిన్నచూపు చూచుట మానుదురు. పాఠశాలాధికారులును, తలిదండ్రులును ఈ విషయము నాలోచించి, రాబోవు సంవత్సరమున ఒక్క తరగతితోనైనను ప్రారంభింతురుగాక యని కోరుచున్నాము.