కత్తి కంటే ముందు రైలు

చాలా ఏళ్ల కిందట ఒక సెక్యులర్ మిత్రుడి ఇంట్లో 'మి ఫమీలియా' చూశాను. 1995లో గ్రెగరీ నావా తీసిన సినిమా. తూర్పు లాస్ ఏంజిలిస్‌లో మూడు తరాల చికానో కుటుంబం కథ. మెక్సికన్ మూలాలున్న అమెరికన్లు తమను తాము పిలుచుకునే పేరు అది. కొడుకుల్లో ఒకడు చూచో గంజాయి అమ్ముతాడు. డాన్సు హాల్లో అవతలి ముఠావాణ్ని కత్తితో పొడుస్తాడు. పోలీసులు వాణ్ని చిన్న తమ్ముడి కళ్ల ముందే కాల్చేస్తారు. ఆ తమ్ముడు పెరిగి జైలుకు పోతాడు.

మిత్రుడు కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత మానవీయంగా తీశాడు!" అన్నాడు. వారం తిరక్కుండా పాతబస్తీలో కత్తిపోట్ల వార్త వచ్చింది. "మీవాళ్లు ఎప్పుడు మారతారోయ్?" అన్నాడు అదే మిత్రుడు.

చూచో మీద అంత జాలి ఎట్లా కలిగింది? నావా కథను కత్తితో మొదలుపెట్టలేదు కనుక. 1930లలో, చూచో ఇంకా కడుపులో ఉండగానే, వాళ్లమ్మ మరియాను పట్టుకుని రైలెక్కించి మెక్సికోకు తోలేస్తారు. ఆమె అమెరికా పౌరురాలు! చంటిబిడ్డతో నది దాటి తిరిగొస్తుంది. ఆ బిడ్డే చూచో. ఇదేం కట్టుకథ కాదు. ఆ దశాబ్దంలో లక్షల మందిని అట్లాగే తరిమేశారు. అమెరికాలో పుట్టినవాళ్లు వాళ్లలో ఎందరో. 2005లో కాలిఫోర్నియా చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది.

మరి మా కథ మీరెక్కడ మొదలుపెడతారు? సుర్మా కళ్లు, మెడలో తాయెత్తు, కబాబుల పొగ, ఆ పొగలోంచి కత్తి. 1948 సెప్టెంబరు 'పోలీసు చర్య' నుంచి ఎందుకు మొదలుపెట్టరు? రజాకార్ల దౌర్జన్యాలు నేను దాచను. మీరు అక్కడే ఆగిపోతారు, అదీ నా పేచీ. ఆ తర్వాత తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. బీదర్ వైపు నుంచి హైదరాబాదుకు పారిపోయి వచ్చినవాళ్లలో మా నానీ ఒకరు. చనిపోయేదాకా ఆ ఊరి పేరెత్తలేదు.

నేనూ కడిగిన ముత్యాన్నేం కాదు. డెస్కులో కూర్చుని 'పాతబస్తీ రౌడీ' అని నేను పెట్టిన శీర్షికలు తక్కువేం లేవు. సింగిల్ కాలమ్ వార్తలో వాడి నానీకి చోటెక్కడిది? తెలుగులో అట్లా రాసి, ఇంటికొచ్చి ఉర్దూలో బాధపడేవాణ్ని. మన మొహల్లాల్లో గూండాలే లేరని బుకాయించే మా పెద్దలు ఇంకో రకం. నావా చూచో చేతిలో కత్తిని దాచలేదు కదా!

2020 జనవరిలో ఆ సినిమా అమ్మీకి చూపించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. మరియాను లాక్కుపోతుంటే ఆపమంది.

"ఉస్కే కాగదాఁ నై దేఖే క్యా?"

కాగితాలు చూసే పనే పెట్టుకోలేదమ్మీ అన్నాను. పౌరసత్వ సవరణ చట్టం వచ్చి అప్పటికి నెల. అమ్మీ లేచి వెళ్లి ఇనప్పెట్టె తెరిచింది. రేషన్ కార్డు, అబ్బా స్కూలు సర్టిఫికెట్టు, పాత కరెంటు బిల్లులు మంచం మీద పరిచింది. నానీవి ఏమైనా ఉన్నాయా అని అడుగుదాకా వెతికింది. ఒక్కటీ లేదు. మిగతా సినిమా ఆ రాత్రి చూడలేదు.