కోడింగ్ ఒక్కటే చాలదు.. అర్థం తేల్చడం రావాలి!

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎన్డీఆర్ఎఫ్ పడవలు, నేవీ హెలికాప్టర్లు, గండ్లు పూడ్చడానికి ఆర్మీ.. అందరూ రంగంలోకి దిగారు. ఇలాంటి వేళ ‘పడవ సిద్ధం’ అనే కబురు వచ్చిందనుకోండి. ఒకరి లెక్కలో పడవ ఒడ్డున ఉన్నట్టు. మరొకరి లెక్కలో డీజిల్, నడిపే మనిషి, లైఫ్‌జాకెట్లు అన్నీ ఉన్నట్టు. అనుమానమొస్తే మనిషి ఫోన్ చేసి అడుగుతాడు. కంప్యూటర్ అడగదు.

ఈ తేడాలను ముందే తేల్చి, ఏది ఏ రకం, ఎవరి అధీనంలో ఉంది, దేనిమీద ఆధారపడింది అన్నది యంత్రానికి తెలిసేలా రాసిపెట్టడమే ఆంటాలజీ. సైనిక ప్రణాళికలో దీని విలువ ఇంకా ఎక్కువ. టీ-90 ట్యాంకు బరువు దాదాపు 46 టన్నులని ఒకచోట, దారిలోని వంతెన 18 టన్నులే మోస్తుందని మరోచోట ఉంటే, ‘ఈ దారి కుదరదు’ అని వ్యవస్థే చెప్పగలగాలి.

మచిలీపట్నంలో యూనిట్ ఉన్న బెల్ సంస్థే, రాడార్ల సమాచారాన్ని ఒకే చిత్రంగా చూపే ‘ఆకాశ్‌తీర్’ను సైన్యానికి అందించింది. బెంగళూరులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ‘కెయిర్’ కృత్రిమ మేధపై, కమాండ్ వ్యవస్థలపై పనిచేస్తోంది. డీఆర్‌డీఓ సైంటిస్ట్-బి కొలువులకు గేట్ స్కోరు కీలకం.

నాలుగు ఏఐ సర్టిఫికెట్లు చేతిలో ఉంటే చాలనుకుంటే పొరపాటే. స్టాన్‌ఫోర్డ్ రూపొందించిన ‘ప్రొటెజే’ ఉచితంగా దొరుకుతుంది. దాంతోపాటు ఓడబ్ల్యూఎల్, స్పార్కిల్ నేర్చుకోండి. బుడమేరునే ప్రాజెక్టుగా తీసుకోండి. కాలువ, గండి, వీధి, పడవ, పునరావాస కేంద్రం.. ఓ ముప్పై పదాలకు అర్థాలు, సంబంధాలు రాయండి. ‘ఈ కల్వర్టు మునిగితే ఏ వీధికి దారి తెగుతుంది?’ అని అడగండి. సరైన జవాబొస్తే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీకంటూ ఓ పని ఉన్నట్టే. రాకపోతే ఏ పదం దగ్గర తేడా కొట్టిందో వెతకండి. అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

ఒక్కటి మరవొద్దు. నిర్ణయం ఎప్పుడూ కమాండర్‌దే. కానీ మీరు రాసిన అర్థం తప్పితే, ఆ భారం మోసేది క్షేత్రంలో ఉన్న జవాను. అందుకే ఈ రంగంలో వేగంగా రాసేవాళ్లకన్నా, ‘అంటే ఏంటి?’ అని మొహమాటం లేకుండా అడిగేవాళ్లే ఎక్కువ కావాలి.